మునిగిన ఓడల దగ్గర చేపలు పెరుగుతాయా, పోగవుతాయా?

ప్రశ్న – తీరరేఖ

కాలం చెల్లిన ఓడలను శుభ్రం చేసి, కావాలనే సముద్రంలో ముంచి, వాటిని చేపలు, పగడాల వంటివి చేరి బతికే కృత్రిమ దిబ్బలుగా వాడుకునే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. యుద్ధాల్లోనో తుపానుల్లోనో మునిగిపోయిన పాత ఓడల చుట్టూ చేపలు గుంపులు గుంపులుగా తిరుగుతున్న దృశ్యాలూ తరచుగా కనిపిస్తూనే ఉంటాయి. అవి చూసినప్పుడు ఇది సముద్రానికి మేలు చేసే పనే అనిపిస్తుంది. అయితే చేపలు ఓడ దగ్గర కనిపించినంత మాత్రాన ఓడ ఉండబట్టే అవి పెరిగాయని చెప్పగలమా, లేక చుట్టుపక్కల ఎలాగూ ఉన్న చేపలే అక్కడికి వచ్చి చేరాయా అన్నది నాకు తేలడం లేదు. చేరడమే నిజమైతే, వాటిని పట్టుకోవడం సులువు చేసిపెట్టడం తప్ప మనం చేసిన మేలేమీ ఉండదు కదా.

రెండో సందేహం ఓడను గురించే. ఓడలో ఇనుముతో పాటు ఇంధనం, రంగులు, కేబుళ్ళు, ఆస్బెస్టాస్, ఇంకా ఏమేమో ఉంటాయి. విడగొట్టి తుక్కు చేయడానికయ్యే ఖర్చు తప్పించుకోవడానికే సముద్రంలోకి తోసేసి, దానికి దిబ్బ అని మంచి పేరు పెడుతున్నారన్న విమర్శలో నిజమెంత? విషయం తెలిసినవారు ఉదాహరణలతో వివరిస్తే సంతోషిస్తాను. ఇది మంచిదా చెడ్డదా అన్న తీర్పు కన్నా, ఎక్కడ పనిచేసింది, ఎక్కడ బెడిసికొట్టింది అన్న వివరాలే నాకు ఎక్కువ ఉపయోగపడతాయి.

సమాధానం – లోతుచూపు

తీరరేఖ గారూ, మీ మొదటి సందేహం మీద శాస్త్రవేత్తలే దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు కాబట్టి, అది మీకు తేలకపోవడంలో వింతేమీ లేదు. దాని జోలికి వెళ్ళే ముందు, నీటిలో మునిగిన ఉక్కు పలక మీద అసలేం జరుగుతుందో చూస్తే మిగతాది అర్థం చేసుకోవడం తేలికవుతుంది.

తీరానికి దగ్గరి సముద్రపు అడుగు చాలాచోట్ల ఇసుకతోనో బురదతోనో నిండి ఉంటుంది. దేన్నైనా అంటిపెట్టుకుని బతికే జీవులకు అలాంటి చోట నిలవడానికి ఆధారం దొరకదు. వాటి డింభకాలు, అంటే పిల్ల దశలో ఉన్నవి, నీటిలో తేలియాడే చిన్న చిన్న జీవులైన ప్లవకాలతో పాటు కొట్టుకుపోతూ, గట్టి చోటు తగలకపోతే చచ్చిపోతాయి. అలాంటి చోట ఓడ మునిగితే, మొదట దాని పలకల మీద బ్యాక్టీరియా పలచని జిగురు పొరలా పరుచుకుంటుంది. తర్వాత వచ్చేవాటిలో బార్నకిల్ అనే గుల్ల జీవి ఒకటి. ఆవగింజ కన్నా చిన్నదైన దాని డింభకం తల ముందున్న రెండు స్పర్శాంగాలతో పలక మీద ఒక్కో అడుగే వేసుకుంటూ నడిచి చోటును పరీక్షిస్తుంది. నచ్చకపోతే వదిలేసి మళ్ళీ నీటిలోకి వెళ్ళిపోతుంది. నచ్చితే సిమెంటు లాంటి పదార్థాన్ని స్రవించి తలకిందులుగా అతుక్కుపోతుంది. ఇక జన్మలో అక్కడి నుంచి కదలదు. చుట్టూ సున్నపు పలకలు కట్టుకుని, ఈకల వంటి కాళ్ళను బయటికి చాచి, నీటిలో కొట్టుకువచ్చే ఆహారాన్ని లోపలికి లాక్కుంటుంది. గొట్టపు పురుగులు, హైడ్రాయిడ్లు, స్పంజికలు, ఆల్చిప్పలు, మెత్తని పగడాలు కూడా ఒకదాని తర్వాత ఒకటిగా, ఒక్కోసారి ఒకదాని మీద ఒకటిగా, అదే ఉక్కు మీద స్థిరపడతాయి. రాతి పగడాలు మాత్రం నెమ్మదిగా పెరుగుతాయి. వాటి విషయంలో ఏళ్ళ లెక్కన కాక దశాబ్దాల లెక్కన ఆలోచించాలి.

ఓడకున్న మరో లక్షణం ఎత్తు. చదునైన అడుగు నుంచి పది, ఇరవై మీటర్లు పైకి లేచి నిలబడిన గోడకు ప్రవాహం తగిలి చీలినప్పుడు, ప్లవకాలను తినే చిన్న చేపలు ఎదురు ప్రవాహపు పక్కన గుంపు కడతాయి. వాటి కోసం పెద్ద చేపలు వస్తాయి. చీకటిగా ఉండే సరుకు గదుల్లో, పైపుల్లో గ్రూపర్లు, మోరే ఈల్‌లు, లాబ్‌స్టర్లు పగలు తలదాచుకుంటాయి. అమెరికాలోని నార్త్ కరోలినా తీరంలో మునిగిన ఓడల దగ్గర సాండ్ టైగర్ సొరచేపలు మళ్ళీ మళ్ళీ అదే ఓడకు తిరిగి వస్తున్నాయని, డైవర్లు తీసిన ఫోటోల్లో వాటి ఒంటి మీది మచ్చలను పోల్చి చూసి 2019లో నిర్ధారించారు. అదే తీరంలో, నీరు వేడెక్కేకొద్దీ ఉత్తరానికి జరుగుతున్న ఉష్ణమండలపు చేపలకు లోతైన కృత్రిమ దిబ్బలు సహజ దిబ్బల కన్నా ఎక్కువ ఆశ్రయమిస్తున్నాయని కూడా తేలింది. ఓడలు జీవానికి ఆధారమవుతాయన్న మాటలో అనుమానం అక్కర్లేదు. అనుమానమల్లా ఎలాంటి జీవానికి, ఎంత మేరకు అన్నదే.

ఇక మీరు అడిగిన పెరుగుదలా, పోగవడమా అన్న ప్రశ్న. 1989లో బోన్‌సాక్ అనే శాస్త్రవేత్త దీని మీద రాసిన వ్యాసం ఇప్పటికీ చర్చకు మూలంగా ఉంది. ఈ రెండింటిలో ఏదో ఒకటే నిజం అనుకోనక్కర్లేదనీ, చేప జాతిని బట్టి, చోటును బట్టి రెండు కొసల మధ్య ఎక్కడో ఒక చోట నిజం ఉంటుందనీ ఆయన వాదం. దగ్గరలో సహజ దిబ్బలు లేని చోట, అడుగును అంటిపెట్టుకుని తన హద్దు కాపాడుకునే జాతికి, దాక్కునే చోటు కొరతే అసలు కొరత అయినప్పుడు, కొత్త ఓడ నిజంగానే సంఖ్యను పెంచవచ్చు. దూరాలు ఈదే జాతుల విషయంలో, సహజ దిబ్బలు పక్కనే ఉన్న చోట, వేట ముమ్మరంగా సాగే చోట మాత్రం ఓడ చేసేది చాలావరకు పోగేయడమే. పిల్ల చేపలే తక్కువగా పుడుతున్న జాతికి ఎన్ని ఇళ్ళు కట్టినా జనాభా పెరగదు. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో కృత్రిమ దిబ్బల చుట్టూ సాగిన రెడ్ స్నాపర్ అనే చేప గురించిన వాదులాట అంతా ఈ గీత మీదే నడిచింది.

ఇంకొక్క మాట. ఓడ ఎంత కాలం ఉన్నా సహజ పగడపు దిబ్బగా మారిపోతుందనుకోవడం సరికాదు. ఎర్ర సముద్రంలో అప్పటికి 119 ఏళ్ళ కిందట మునిగిన ఒక ఓడను, దాని పక్కనే ఉన్న సహజ దిబ్బను పోల్చి చూసిన అధ్యయనం 2006లో వెలువడింది. ఓడ సమతలాల మీద సహజ దిబ్బ మీద కనిపించే మెత్తని పగడాలే పెరిగాయి. నిటారు గోడల మీద మాత్రం వెలుతురు మీద ఆధారపడని ట్యూబాస్ట్రియా జాతి పగడం రాజ్యమేలుతోంది. అంటే వయసు కన్నా ఆకృతే నిర్ణయాత్మకం. ఓడ ఆకారం చుట్టుపక్కల దిబ్బను పోలి ఉన్న మేరకే దాని జీవసమాజం కూడా పోలి ఉంటుంది.

సమాధానం – ఉప్పునీరు

లోతుచూపు గారి వివరణ బాగుంది కానీ, అది ఓడను శుభ్రమైన ఉక్కు పెట్టెగా ఊహించుకుని రాసినట్టుంది. తీరరేఖ గారి రెండో సందేహమే నాకు ముఖ్యమనిపిస్తుంది.

దిబ్బ కోసం కావాలని ముంచిన అతి పెద్ద ఓడల్లో ఒకటి అమెరికా విమానవాహక నౌక ఒరిస్కనీ. సుమారు 270 మీటర్ల పొడవున్న ఆ ఓడను 2006 మే 17న ఫ్లోరిడాలోని పెన్సకోలా తీరానికి దూరంగా, 65 మీటర్ల లోతున ముంచారు. నూనెలు, ఇంధనం తీసేశారు, చాలా శుభ్రం చేశారు. అయినా కేబుళ్ళ పైతొడుగుల వంటి వాటిలో ఇమిడిపోయిన పీసీబీలనే విష రసాయనాలు 300 కిలోలకు పైగా అందులోనే ఉండిపోయాయి. అమెరికాలో 1979లోనే తయారీ నిషేధించిన ఈ రసాయనాలు కొవ్వులో చేరి, చిన్న చేప నుంచి పెద్ద చేపకు, అక్కడి నుంచి మనిషికి పేరుకుంటూ పోతాయి. ఎంత ప్రమాదమో లెక్కగట్టి, ఫరవాలేదని అనుమతి ఇచ్చారు. మునిగిన తొలి ఏళ్ళలో అక్కడ పట్టిన కొన్ని చేపల్లో పీసీబీలు ఎక్కువగా కనిపించి, తర్వాత తగ్గాయి. తగ్గడం మంచిదే; కానీ ఆ తొలి ఏళ్ళలో అక్కడ గాలం వేసి పట్టిన చేపలను ఎవరో ఒకరు తినే ఉంటారు.

యుద్ధంలో మునిగిన ఓడలను ఎవరూ శుభ్రం చేయలేదు. ఉత్తర సముద్రంలో బెల్జియం వైపు 1942లో మునిగిన జర్మన్ గస్తీ నౌక జాన్ మాన్ చుట్టూ ఉన్న మట్టిని పరీక్షించగా, 80 ఏళ్ళ తర్వాత కూడా భార లోహాలు, బొగ్గుకు సంబంధించిన విష రసాయనాలు, పేలుడు పదార్థాల అవశేషాలు బయటపడ్డాయి. వాటి ప్రభావంతో అక్కడి సూక్ష్మజీవుల కూర్పు కూడా మారింది. 1944 ఫిబ్రవరిలో అమెరికా దాడిలో పసిఫిక్‌లోని చూక్ మడుగు అడుగుకు చేరిన జపాన్ ఓడలు రంగురంగుల పగడాలకు పేరుపొందినా, వాటిలో కొన్నింటి నుంచి నూనె ఊరుతూనే ఉంది. ఉక్కు ఏడాదికి దాదాపు ఒక మిల్లీమీటరులో పదో వంతు చొప్పున తుప్పు పట్టిపోతుందనుకుంటే, నిండు ట్యాంకు గోడ ఏదో ఒక రోజు చిల్లు పడక తప్పదు.

విషం లేకపోయినా హాని జరగవచ్చనడానికి పాల్మైరా ఉదాహరణ. పసిఫిక్ నడిమధ్యలో మనుషుల తాకిడి దాదాపు లేని ఆ పగడపు దీవి దిబ్బ మీద 1991లో ఒక చేపల వేట ఓడ చిక్కుకుంది. దాన్ని అక్కడే వదిలేశారు. కొన్నేళ్ళకు ఆ చుట్టుపక్కల రోడాక్టిస్ అనే జీవి, అంటే పగడాలకు దగ్గరి చుట్టమే అయినా రాతి పంజరం కట్టని జీవి, దుప్పటి పరిచినట్టు పెరిగి, బతికున్న పగడాలను కప్పేసి చంపడం మొదలుపెట్టింది. 2007లో లెక్కలు తీస్తే ఓడ దగ్గర అత్యంత దట్టంగాను, దూరం వెళ్ళేకొద్దీ పలచగాను ఉంది. పడవలు కట్టే ఇనుప గొలుసుల చుట్టూ కూడా దట్టంగానే కనిపించింది. నడి సముద్రపు నీటిలో ఇనుము సహజంగా చాలా తక్కువ. తుప్పు నుంచి కరిగే ఇనుమే అక్కడ ఎరువులా పనిచేసిందని బలమైన అనుమానం. అదే ప్రాంతంలోని మరికొన్ని దీవుల్లో, మునిగిన ఓడల పక్కన నాచు, సూక్ష్మజీవులు పెరిగిపోయి నల్లబడిన దిబ్బలను చూసి 2012లో పరిశోధకులు ఇదే కారణం చెప్పారు. చివరికి పాల్మైరా ఓడను 2013–14లో ముక్కలు చేసి తీసుకుపోవలసి వచ్చింది.

ఇక గట్టి చోటు దొరికితే చాలు చేరిపోయే అతిథులందరూ స్థానికులే కానక్కర్లేదు. లోతుచూపు గారు ప్రస్తావించిన ట్యూబాస్ట్రియా ఎర్ర సముద్రంలో స్థానిక జీవి కావచ్చు. దాని దగ్గరి బంధువైన నారింజరంగు పగడం మాత్రం అట్లాంటిక్‌కు పరాయిది, ఉక్కు నిర్మాణాల నీడపట్టు గోడలను మెట్లుగా చేసుకుని కరీబియన్, బ్రెజిల్ తీరాల వెంబడి పాకింది. అట్లాంటిక్‌కు పరాయిదైన లయన్‌ఫిష్ కూడా గల్ఫ్ ఆఫ్ మెక్సికో ఉత్తర భాగంలో సహజ దిబ్బల మీద కన్నా కృత్రిమ దిబ్బల మీద అనేక రెట్లు దట్టంగా ఉంది. వీటిని కూడా కలిపి "ఓడ మీద ఇన్ని జాతులున్నాయి" అని లెక్క చెప్పేవారిని నేను నమ్మను.

ప్రశ్న అడిగినవారి స్పందన – తీరరేఖ

ఇద్దరికీ ధన్యవాదాలు. పాల్మైరా సంగతి నాకు పూర్తిగా కొత్త. అయితే ఇప్పుడు కొత్త చిక్కు వచ్చింది. ప్రమాదంలో మునిగిన ఓడలన్నింటినీ తీసేయాలని దీని అర్థమా? ఎర్ర సముద్రంలో 1941లో మునిగిన థిసల్‌గోమ్ వంటి వాటిని ఇప్పుడు కదిలిస్తే, వాటి మీద స్థిరపడిన జీవులకే ఎక్కువ నష్టం కాదా? అలాగే, కావాలని ముంచేటప్పుడు ఏ జాగ్రత్తలు పాటిస్తే దాన్ని దిబ్బ అనవచ్చో, ఏవి లేకపోతే చెత్త పారబోయడమే అవుతుందో కూడా చెప్పగలరా?

సమాధానం – లంగరు

అన్నింటినీ తీసేయనక్కర్లేదు, తీసేయలేరు కూడా. ఎక్కడ పడిందన్నదే ముందు చూడాలి. ఇసుక అడుగు మీద పడిన ఓడ కొత్త ఆధారాన్ని చేర్చుతుంది. బతికున్న పగడపు దిబ్బ మీద పడిన ఓడ ఉన్నదాన్ని నలిపేసి, ఆ తర్వాత ప్రతి పెద్ద అలకూ కదిలి మళ్ళీ నలుపుతుంది. పైగా ఖండాల తీరాలకు దగ్గరి నీటిలో నదులు తెచ్చే మట్టి వల్ల ఇనుముకు సాధారణంగా కొరత ఉండదు కాబట్టి, పాల్మైరాలో జరిగింది అక్కడ జరుగుతుందని భయపడనక్కర్లేదు. ఉప్పునీరు గారి ఉదాహరణ నిజమే కానీ, అది ఇనుము కొరత ఉన్న నడి సముద్రపు దీవులకు వర్తించేది. థిసల్‌గోమ్ ఇసుక మీద, 30 మీటర్ల లోతున ఉంది. దాని మీదికి వచ్చే డైవింగ్ పడవలు ఓడ భాగాలకే తాళ్ళు కట్టి వాటిని ఊడగొట్టడం వంటివి అక్కడ అరికట్టవలసిన సమస్యలు. పాత ఓడల్లో ఇంధనం మిగిలి ఉంటే ఓడను కదపకుండా దాన్ని తోడేయడం చాలాసార్లు సాధ్యమే.

మీ రెండో ప్రశ్నకు అంతర్జాతీయ నియమం ఒకటుంది. సముద్రంలో వ్యర్థాలు పారబోయడాన్ని నియంత్రించే 1972 నాటి లండన్ ఒప్పందం ప్రకారం, వదిలించుకోవడం కాక మరో ప్రయోజనం కోసం ఒక వస్తువును సముద్రంలో ఉంచితే అది పారబోయడం కింద రాదు, ఒప్పందం ఉద్దేశాలకు విరుద్ధంగా లేనంతవరకు. ఈ వెసులుబాటు చాటునే మీరు చెప్పిన మోసం జరగవచ్చు. అయినా తేడా గుర్తుపట్టడం అంత కష్టమేమీ కాదు. బ్రెజిల్ తన పాత విమానవాహక నౌక సావ్ పావ్‌లోను 2023 ఫిబ్రవరిలో, ఆస్బెస్టాస్ వంటి విషపదార్థాలతో సహా, దాదాపు 5,000 మీటర్ల లోతున ముంచేసింది. దాన్ని దిబ్బ అని ఎవరూ అనలేదు, అనలేరు.

శుభ్రతకు తోడు నిలకడ కూడా చూడాలి. ఫ్లోరిడాలోని కీ లార్గో దగ్గర 2002లో ముంచబోయిన స్పీగల్ గ్రోవ్ అనే ఓడ అనుకున్న సమయానికి ముందే బోల్తాపడి, ముక్కు నీటి పైకి పెట్టుకుని నిలిచిపోయింది. తర్వాత పక్కకు ఒరిగేలా అడుగుకు దించారు. 2005లో వచ్చిన డెన్నిస్ హరికేన్ ఆ 155 మీటర్ల ఓడను మళ్ళీ నిటారుగా నిలబెట్టింది! చూడడానికి సంతోషమే కానీ, అంత బరువును అలలు అలా తిప్పగలవంటే, తేలికైన వస్తువుల గతి ఊహించుకోవచ్చు. అదే రాష్ట్రంలో 1972లో దిబ్బ పేరుతో లక్షల సంఖ్యలో పాత టైర్లను కట్టలు కట్టి ముంచితే, కట్టిన పట్టీలు తెగిపోయి, టైర్లు దొర్లుకుంటూ వెళ్ళి పక్కనున్న సహజ దిబ్బను గీరేశాయి. 2007 నుంచి సైనిక డైవర్లను దింపి వాటిని ఏరించవలసి వచ్చింది.

స్పీగల్ గ్రోవ్ వల్ల ఒక మేలు కూడా లెక్కకు వచ్చింది. అది మునిగాక డైవర్లలో చాలామంది అటు మళ్ళడంతో చుట్టుపక్కల సహజ దిబ్బల మీద తాకిడి తగ్గిందని సర్వేలో తేలింది. ఇలాంటి ప్రయోజనం చేపల లెక్కల్లో కనిపించదు.

నా దృష్టిలో అసలు మెలిక వేట దగ్గరుంది. ఓడ ఉన్న చోట, అడుగున వల ఈడ్చుకుంటూ వేటాడే ట్రాలర్లు వల చిక్కుకుంటుందని భయపడి దూరంగా పోతాయి కాబట్టి, చుట్టూ ఉన్న కొంత అడుగుకు చట్టం లేకుండానే రక్షణ దొరుకుతుంది. అదే ఓడ మీద గాలం వేటకు తలుపులు బార్లా తెరిస్తే, పోగైన పెద్ద చేపలన్నీ త్వరగా ఖాళీ అయిపోతాయి. తెగి చిక్కుకున్న వలలు ఎవరూ ఎత్తకుండానే ఏళ్ళ తరబడి చేపలను చంపుతూ ఉంటాయి. ఓడను ముంచి, వేటను మాత్రం ముట్టుకోకుండా వదిలేసే పథకాన్ని చేపల పెంపకం అనడానికి నాకు నోరు రాదు. వేట నిషేధించకపోతే, కనీసం దిబ్బ ఎక్కడుందో బహిరంగంగా ప్రకటించి పడవలను అటు పిలవడమైనా మానాలి.

ఏదైనా పథకం గురించి విన్నప్పుడు, ముంచక ముందు ఆ ఇసుకలో ఏముందో లెక్క తీశారా అని అడగండి. దిబ్బ చుట్టూ చేపలు మేసేసిన వలయంలో ఇసుకలోని పురుగులు, చిన్న జీవులు తగ్గిపోతాయి. ఆ నష్టం ముందటి లెక్క ఉంటేనే తెలుస్తుంది. ఓడ పెట్టని మరో ఇసుక ప్రాంతాన్ని, దగ్గరలోని ఒక సహజ దిబ్బను కూడా అదే కాలమంతా గమనిస్తున్నారా, పెద్ద చేపలతో పాటు ఆ ఏడాది పుట్టిన పిల్లల సంఖ్యను విడిగా లెక్కిస్తున్నారా అన్నవి కూడా అడగవలసినవే. ఓడ మీద చేపలు పెరిగి, పక్క దిబ్బ మీద అంతే తగ్గితే అవి తరలివచ్చినవే. పక్క దిబ్బ మీద తగ్గకుండా, ఓడ మీద ఏటేటా పిల్ల చేపలు నిలదొక్కుకుని పెద్దవవుతుంటే, అప్పుడు పెరుగుదల అనే మాట వాడవచ్చు.